చావడికి మారిన ఇల్లు, నూట ఇరవై ఆరు గుడ్లు

ఒకటో రోజు. గుడ్లకు పద్నాలుగు.

చావడిలోకి వచ్చేవాళ్లు మొదటి ఇరవై రోజులు ఇంట్లో ఏం జరిగిందో రాసి పెట్టాలట. డబ్బు తీసుకోరు, సంతకం అడగరు, ఇదొక్కటే అడుగుతారట. వెనక వచ్చేవాళ్లు చదువుకుంటారట. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. నా రాత చూసి వెనక వచ్చేవాళ్లు వెనక్కే పోతారేమో అన్నాను ఝాన్సీతో.

“తప్పులుంటే ఉంటాయి పిన్నీ. జరిగింది దాచకుండా రాయి, సాలు,” అంది.

కాబట్టి రాస్తున్నాను. నా పేరు పుణ్యవతి. డెబ్బై ఒకటి నిండాయి. నీటివాడ తూర్పు వరుసలో మూడో పంటు మాది. మా ఆయన పేరు అబ్బులు. వయసులో ఉన్నప్పుడు పంటు నడిపి జనాన్ని ఏరు దాటించేవారు. ఇప్పుడు ఏటికి ఆ ఒడ్డూ లేదు, ఈ ఒడ్డూ లేదు కాబట్టి పంటు మీదే ఇల్లు కట్టుకుని కూర్చున్నాం.

మా ఇంటి కంప్యూటర్‌కి పద్నాలుగేళ్లు. దీపాలు, మంచినీళ్ల మర, పంటు ఒరగకుండా చూసే పంపులు, పొదుగుపెట్టె, అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. దాంట్లో నిన్నటిదాకా ఉన్నది సుగృహ కంపెనీ వాళ్ల సరంజామా. వచ్చే పున్నమి నుంచి పాత కంప్యూటర్లకు సుగృహ పని చెయ్యదని నాలుగు నెలలుగా తెర మీద ఎర్రగా రాస్తోంది. కొత్తది తెచ్చుకోమంటుంది. ఉన్నదానికి ఏ రోగమూ లేదు. దగ్గు కూడా లేదు. అయినా పారెయ్యాలట.

ఝాన్సీ మా వరుసలో పంపులు బాగు చేస్తుంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, చేతికి ఎప్పుడూ గ్రీజే. “కంప్యూటర్ మార్చక్కర్లేదు పిన్నీ, లోపల ఉన్నదాన్ని మార్చితే సరి. చావడి అని ఉంది. ఎవడి సొంతమూ కాదు. ఎలా రాశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు,” అంది.

ఎవరి సొంతమూ కానిది పాడైతే ఎవరిని అడగాలి? అది నా మొదటి భయం. రెండోది గుడ్లు.

గుడ్ల సంగతి చెప్పాలి. పోయిన చలికాలం తెగులు వచ్చి వరుసలో బాతులన్నీ పోయాయి. బాతులు లేకపోతే నీళ్ల మీద తేలే మా వరిమడి, తేలుమడి, నత్తలు ఎక్కుతాయి. ఇప్పటికే ఎక్కుతున్నాయి. తెప్పల మీద పోసిన వరినారు మొదళ్లు కొరికేస్తున్నాయి. ఏడిళ్ల వాళ్లం ఏడు దిక్కుల్లో బతిమాలి, ఇంటికి పద్దెనిమిది చొప్పున నూట ఇరవై ఆరు బాతుగుడ్లు తెచ్చాం. పొదుగుపెట్టె సరిగ్గా ఉన్నది మా ఇంట్లోనే కాబట్టి అన్నీ నా దగ్గరే పెట్టారు. ఏడు అరలు, అరకు ఒక ఇల్లు. ఇరవై ఎనిమిదో రోజుకి పిల్లలు రావాలి. పున్నమి ఇరవై మూడో రోజున పడింది. అంటే మధ్యలో మార్చి తీరాలి.

ఝాన్సీ పెన్‌డ్రైవ్ గుచ్చింది. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ పొదుగుపెట్టెకి రెండు బొంతలు కప్పి, దాన్ని కావలించుకుని నిలబడ్డాను.

“నన్నెప్పుడూ ఇలా పట్టుకోలేదే పున్నెం,” అన్నారు మా ఆయన.

“మీరేమన్నా గుడ్డా?” అన్నాను.

అయిపోయింది. దీపాలు వెలిగాయి. పంటు ఒరగలేదు. పెట్టెలో అరలు కిర్రుమంటూ తిరిగాయి. అయినా అన్నం సరిగ్గా తినలేకపోయాను.

రెండో రోజు. గుడ్లకు పదిహేను.

తెర మీద ఎప్పుడూ ఉండే మంచుకొండ బొమ్మ పోయింది. దాని చోట ఉత్త నీలం. బొమ్మలన్నీ ఎడం పక్కకు చేరాయి. మంచినీళ్ల మర బొమ్మ దొరకడానికి పొద్దున్న గంట పట్టింది. చివరికి దాని కింద “మంచినీళ్ల మర” అని రాసే ఉంది. పద్నాలుగేళ్లు బొమ్మలు చూసి నొక్కడం అలవాటై, అక్షరాలు చదవడం మర్చిపోయాను.

సుగృహ అయితే పొద్దున్నే “శుభోదయం పుణ్యవతి గారూ” అనేది. తర్వాత సబ్బులు కొనమనేది. ఇది ఏమీ అనదు. ఇంత మౌనంగా ఉంటే కోపమొచ్చిందేమో అనిపిస్తోంది.

పాస్‌వర్డ్ పెట్టుకోమంది. ఎవరికీ చెప్పకూడదట. మర్చిపోతానేమోనని మా ఆయనకి చెప్పాను. ఆయన మర్చిపోతారేమోనని ఝాన్సీకి చెప్పాను. ఝాన్సీ తల పట్టుకుని వేరేది పెట్టించింది. అది ఎవరికీ చెప్పలేదు. గోడ మీద సున్నంతో రాసుకున్నాను.

పొదుగుపెట్టె చూసే ప్రోగ్రాం కూడా చావడిలోనిదే. పెట్టె లోపల కెమెరా కన్ను మా దగ్గర ముందునుంచీ ఉంది. సుగృహ దాన్ని వాడేది కాదు, ఇది వాడుతుంది. గుడ్లను చూస్తూ ఉంటుందట. నాలాగా ఇంకొకళ్లు చూస్తున్నారంటే కాస్త నిబ్బరంగా ఉంది.

మూడో రోజు. గుడ్లకు పదహారు.

ఇవాళ మొదటి పంటు రామసీత వదిన వచ్చింది. వరుసకి పెద్ద ఆవిడే. ఆవిడ మాట ఎవరూ కాదనరు, కాదనేలోగా ఆవిడ ఇంకో మాట అనేస్తుంది.

“ఆ దిక్కుమాలిన చావడి ఎక్కించావంట? మా గుడ్లు లోపలుండగా? కంపెనీదంటే ఓ పేరుంటది, తిట్టడానికి ఓ మనిషుంటాడు. దీన్ని ఎవర్ని తిట్టాలి?”

“నన్ను తిట్టు వదినా,” అన్నాను.

“తిడతాలే,” అంది. పెట్టె అద్దంలోంచి తొంగి చూసింది. మొహం మారిపోయింది. “అబ్బ! ఎంత నిగనిగలాడిపోతన్నాయో! ఒక్కటి కూడా మురగలేదు సూడు. నూటికి నూరూ పిల్లలే!”

నూటికి నూరూ అన్న మాట నా గుండెలో దిగబడింది. ఇప్పటిదాకా ఎవరూ అలా అనలేదు. పైకి మాత్రం నవ్వాను. ఆవిడ పంట్ల మధ్య వేసిన నడకబల్ల దాటి వెళ్లేదాకా ఆగి, కాటుకభరిణె తీశాను.

జరిగింది దాచకుండా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. అర తర్వాత అర బయటికి లాగి, నూట ఇరవై ఆరు గుడ్లకీ లావు కొసన వేలితో ఒక్కొక్క దిష్టిచుక్క పెట్టాను. ఆముదం దీపానికి పట్టిన కాటుక. మంచిది. పసిపిల్లల బుగ్గకి పెట్టేదే. ఝాన్సీకి చెప్పలేదు, నవ్వుతుంది. ఇదెవరు చదువుతారులే.

ఇప్పుడు కాస్త ప్రాణం కుదుటపడింది.

నాలుగో రోజు. గుడ్లకు పదిహేడు.

పప్పు తాలింపు వేస్తున్నాను. ఏదో లోటుగా ఉంది. ఏం లోటో తెలియదు. ఉప్పు చూశాను, సరిపోయింది. కాసేపటికి తెలిసింది. కిర్రుమనే చప్పుడు లేదు.

రెండు గంటలకోసారి అరలు ఈ పక్కకీ ఆ పక్కకీ ఒరుగుతాయి. తిప్పకపోతే లోపలి పిండం ఒక పక్క పెంకుకి అంటుకుపోతుంది. బాతు అయితే ముక్కుతో తిప్పుతుంది. పెట్టెలో మోటారు తిప్పుతుంది. ఇవాళ పొద్దున్నుంచి తిప్పలేదు.

తెర చూశాను. పొదుగుపెట్టె దగ్గర పచ్చగా “అంతా సవ్యం” అని ఉంది.

“సవ్యం అంటంటే నీకేంటే బాధ? అసవ్యం అంటే అప్పుడేడుద్దువుగాని,” అన్నారు మా ఆయన.

నూనె తక్కువై చప్పుడు రావడం లేదేమో అన్నారు. నూనె తక్కువైతే చప్పుడు ఎక్కువ కావాలి కదా అన్నాను. ఆయనకి వెంటనే వల సర్దుకునే పని గుర్తొచ్చింది.

అద్దం మీద చెమట పట్టింది. అది కూడా రాస్తున్నాను.

అయిదో రోజు. గుడ్లకు పద్దెనిమిది.

పొద్దున్న తెర వెలిగించేసరికి అక్షరాలు ఇంతింత లావున ఉన్నాయి. “శుభాకాంక్షలు! పిల్లలు వస్తున్నాయి. పెంకులు చిట్లినవి: నూట ఇరవై ఆరు. పెట్టె తెరవకండి.”

పది రోజుల ముందు! అదీ అన్నీ ఒక్కసారే! మా ఆయన మాత్రం బల్ల మీద నిలబడి వరుసంతా వినబడేలా కేక పెట్టారు. ఏడిళ్ల వాళ్లూ వచ్చేశారు. రామసీత వదిన పళ్లెంలో నూకలు కూడా తెచ్చింది, పిల్లలకి మొదటి మేత.

అందరం అద్దానికి మొహాలు ఆనించాం. చెమట వల్ల ఏమీ కనబడలేదు. చెవులు పెట్టాం. కిచకిచ లేదు, టకటక లేదు.

“ఏదీ?” అంది వదిన.

“వస్తన్నాయంట,” అన్నారు మా ఆయన.

“ఎక్కడినించి వస్తన్నాయి? కాకినాడ నించా?”

మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్లిపోయారు. నూకలు మాత్రం వదిన వెనక్కి తీసుకుపోయింది.

పెట్టెలో వేడి రెండు గీతలు తగ్గింది. తేమ బాగా పెరిగింది. అది పిల్లలు బయటికొచ్చే మూడు రోజులూ పెట్టాల్సిన వేడి, పెట్టాల్సిన తేమ. పదిహేడు, పద్దెనిమిది రోజుల గుడ్లకి కాదు. ఇంత మాత్రం నాకు తెలుసు. నేను పుట్టినప్పటినుంచి బాతుల్లోనే ఉన్నాను. మరి ఆ కన్ను చూసి చెబుతోందే, చిట్లాయని? నా కళ్లు ముసలివి, దాని కన్ను కొత్తది. ఏది నిజం?

ఆరో రోజు. గుడ్లకు పంతొమ్మిది.

ఝాన్సీ పడమటి వరుసలో పెద్ద పంపు బాగు చెయ్యడానికి వెళ్లింది. రేపటిదాకా రాదు. ఫోను ఎత్తడం లేదు. నీళ్లలో ఉంటే ఎలా ఎత్తుతుంది?

పెట్టె తెరుద్దామంటే తెరవొద్దని రాసి ఉంది. నిజంగా చిట్లి ఉంటే తెరిచినప్పుడు గాలి తగిలి లోపలి పొర ఎండి పిల్ల బిగుసుకుని చస్తుంది. చిట్లకపోయి ఉంటే ఈ చల్లదనానికి చస్తుంది. తెరిస్తే ఒక భయం, తెరవకపోతే ఇంకో భయం. కాఫీ మూడుసార్లు కాచి మూడుసార్లూ పొంగబెట్టాను.

“అడగవే,” అన్నారు మా ఆయన.

“ఎవర్ని?”

“అందులో జనముంటారన్నాది గదా ఝాన్సీ. సావడన్నాక జనముండరా?”

తెర మీద “అడగండి” అని ఒక చోట ఉంది. ఆరు రోజులుగా చూస్తున్నా దాన్ని ముట్టుకోలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లని ఏమని అడుగుతాం? అయినా కూడబలుక్కుని రాశాను. “అయ్యా, అమ్మా, నేను నీటివాడ పుణ్యవతిని. బాతుగుడ్లు నూట ఇరవై ఆరు. పంతొమ్మిదో రోజు. మీ ప్రోగ్రాం చిట్లాయంటోంది. చిట్లలేదని నా మనసు చెబుతోంది. తిప్పడం ఆపేసింది. ఏడిళ్ల గుడ్లు. నాకు చాలా భయంగా ఉంది. దయచేసి చెప్పండి.”

భయంగా ఉందని రాయొచ్చో లేదో. రాసేశాను.

ఏడో రోజు. గుడ్లకు ఇరవై.

పొద్దుటికి నలభై ఉత్తరాలు! చదవడానికే రెండు గంటలు పట్టింది. ఒకాయన ఒకసారి ఆపి మళ్లీ వెలిగించమన్నాడు. ఇంకొకావిడ కెమెరా ఏ రకమో చెప్పమంది. ఇద్దరు నా గుడ్ల సంగతి వదిలేసి, తెర మీద తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండాలా సాగినట్టుండాలా అని ఒకళ్లనొకళ్లు దెప్పుకున్నారు. ఒకాయన ఏ ఊరివాడో గానీ బాతుగుడ్ల పులుసు ఎలా పెడతారని అడిగాడు. వాడి జోలికి నేను పోలేదు.

పది గంటలప్పుడు అసలు మనిషి వచ్చాడు. ఆ పొదుగుపెట్టె ప్రోగ్రాం రాసిందే ఆయన. ఖాదర్‌వలీ గారట, మాచర్ల ఎగువన గట్టు మీద ఉంటారట, బడిపంతులుగా చేసి దిగిపోయారట. ఆయన రాసింది ఇక్కడ ఎక్కిస్తున్నాను.

“పుణ్యవతి గారూ, మీరు మొదటి రోజు నుంచి రాసిందంతా ఇప్పుడే చదివాను. మూడో రోజు మీరు పెట్టిన కాటుక చుక్కలే దీనికి కారణమని నాకు అనిపిస్తోంది. పిల్ల ముక్కుతో పొడిచినప్పుడు పెంకు లావు కొసన మొదట పడేది చిన్న నల్లటి చిల్లు. కెమెరాకి ఆ చిల్లూ, మీ చుక్కా ఒకేలా కనిపిస్తాయి. మా గట్టు మీద కోడి, బాతు, గినీకోడి అన్నీ ఒకే పెట్టెలో కలిపి పెడతారు. అందుకని రోజుల లెక్క కంటే కంటికి కనిపించినదాన్నే నమ్మమని రాశాను. తప్పు మీది కాదు, నాది. వెంటనే పెట్టె తెరవండి. చుక్కలు కడగకండి, తడి తగిలితే పెంకులోంచి లోపలికి పురుగు దిగుతుంది. ‘చేతిపని’ అని ఉన్న చోట నొక్కితే పెట్టె మామూలు వేడి మాత్రం ఇస్తుంది. నేను సవరించి పంపేదాకా గుడ్లు చేత్తో తిప్పండి. రోజుకి అయిదుసార్లు.”

మళ్లీ మళ్లీ చదివాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరూ చదవరనుకుని రాశాను. మాచర్ల దాకా చదివారు!

పెట్టె తెరిచాను. చిట్లినది ఒక్కటీ లేదు. నూట ఇరవై ఆరు చుక్కలు నా వంకే చూస్తున్నాయి.

మా ఆయనకి చెప్పాను. నవ్వి నవ్వి మంచం మీంచి జారారు. “బాతుకి కాటుకెట్టిన మారాణివి నువ్వేనే! పౌడరు కూడా అద్దకపోయావా?”

“గుడ్లు పోతే మీరు నవ్వుతారా?” అన్నాను. అప్పుడు ఆపారు. వచ్చి పక్కన కూర్చుని మొదటి అర లాగి తిప్పడం మొదలుపెట్టారు.

ఎనిమిదో రోజు. గుడ్లకు ఇరవై ఒకటి.

వరుసంతా తెలిసిపోయింది. రామసీత వదిన వచ్చింది.

“నా దిట్టేనా? నా కళ్లు అంత సెడ్డయ్యా?”

“నీ ఒక్కదానిదని కాదు వదినా…”

“నూరేళ్లూ నీ మంచి కోరినదాన్ని. నా గుడ్ల మీద మసి పూస్తావా? బతికున్నాయా అయ్యి?”

“తెలీదు,” అన్నాను. నిజంగా తెలియదు. మూడు రోజులు తిప్పకుండా, చల్లగా ఉన్నాయి. కింది అరలు మరీ చల్లగా అయ్యాయి. అన్నిటికంటే కింద ఉన్నది వదిన అర. ఆ మాట కూడా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఝాన్సీ వచ్చింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. “నేనుండాల్సింది పిన్నీ,” అని చేతుల గ్రీజు కడుక్కుని రెండు అరలు తిప్పింది.

తొమ్మిదో రోజు. గుడ్లకు ఇరవై రెండు.

రోజుకి అయిదుసార్లు, నూట ఇరవై ఆరు. ఒక్కోదాన్నీ అటుది ఇటు. నడుము పడిపోయింది. తిప్పుతూ గుడ్లతోనే మాట్లాడుతున్నాను. “కదలండమ్మా, చల్లగా ఉందా, ఇంకొంచెం ఓర్చుకోండి, నన్ను తిట్టుకోకండి,” అని. పిచ్చి అనుకుంటే అనుకోండి. నోరు ఊరుకోదు.

పదో రోజు. గుడ్లకు ఇరవై మూడు.

రెండు సంగతులు.

ఒకటి, ఖాదర్‌వలీ గారు సవరించి పంపారు. ఇప్పుడు ఆ ప్రోగ్రాం చుక్కను చూసి సరిపెట్టుకోదు. చుట్టూ పెంకు లేచిందా, నెర్ర పాకిందా అని చూస్తుంది. అదీ చాలక, మన చేత అవుననిపించుకుంటే గానీ తిప్పడం మానదు. ఏమేం మార్చారో అందరికీ కనబడేలా ఒక పట్టీ ఉంటుందట. ఝాన్సీ చూపించింది. “కాటుక చుక్కను చిల్లుగా పొరబడకుండా సవరణ. తప్పు కనిపెట్టినవారు: పుణ్యవతి, నీటివాడ.” నేను కనిపెట్టలేదండీ, నేనే చేశాను అని రాశాను. “ఏం చేశారో దాచకుండా రాసిన మనిషి మీరే కదా,” అని జవాబిచ్చారు.

దాని కింద ఇంకెవరో ఒకావిడ రాసింది, పేరు ఊర్మిళ. పోయినేడు వాళ్ల గుడ్లు అరవై ఇలాగే పోయాయట. బొట్టు పెట్టారట. కారణం తెలియక అత్తాకోడళ్లు ఏడాదిగా మాట్లాడుకోవడం లేదట. ఇవాళ మాట్లాడుకున్నారట.

రెండోది, ఇవాళ పున్నమి. సుగృహ చెప్పినంత పనీ చేసింది. పొద్దున్న ఎనిమిదింటికి రామసీత వదిన ఇంట్లో తెర ఎర్రబడి అలాగే నిలబడిపోయింది. మంచినీళ్ల మర ఆగింది. రెండు రోజులుగా మొహం చూపించని మనిషి, బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

“నీళ్లు పట్టుకుందామని వచ్చా. నీతో మాట్టాడ్డానికి రాలేదు.”

“పట్టుకో వదినా.”

బిందె నిండింది. కదల్లేదు.

“ఆ సావడేదో… మాకూ ఎక్కించమను ఝాన్సీని.”

“ఝాన్సీ పనిలో ఉంది. నేను ఎక్కిస్తాను,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. పెన్‌డ్రైవ్ పట్టుకుని నడకబల్ల మీద వెళ్తుంటే నీళ్లలో పడేస్తానేమోనని కొంగున మూడు ముళ్లు వేశాను. అక్కడ ప్రతి అడుగు దగ్గరా తెర మీద ఏం రాసిందో రెండుసార్లు పైకి చదివాను. గంటన్నర పట్టింది. మర తిరిగింది. వదిన ఒక గ్లాసు నీళ్లు నాకే ముందు ఇచ్చింది.

పన్నెండో రోజు. గుడ్లకు ఇరవై అయిదు.

ఇవాళ దీపానికి పట్టి చూశాం. గది చీకటి చేసి, అట్టకి చిల్లు పెట్టి, వెనక దీపం, ముందు గుడ్డు. బతికున్నది నల్లగా నిండి, ఒక పక్క కదులుతుంది. చచ్చినది గోధుమరంగు నీళ్లలా ఊగుతుంది. ఏడిళ్ల వాళ్లూ ఉన్నారు. ఎవరి అర వాళ్ల ముందే చూశాను. దీపం ఝాన్సీ పట్టుకుంది.

పై అరలు పర్లేదు. మాది పదహారు. కిందికి వచ్చేకొద్దీ తగ్గాయి. వదిన అరలో పద్దెనిమిదికి ఆరు.

మొత్తం తొంభై ఎనిమిది. ఇరవై ఎనిమిది పోయాయి.

అందరూ నా వైపు చూశారు. వదిన ఆ ఆరూ లెక్కపెట్టి, “ఈ ఆరూ రానీ ముందు,” అని మళ్లీ అరలో తనే పెట్టింది.

పదిహేనో రోజు. గుడ్లకు ఇరవై ఎనిమిది.

పొద్దున్న తెర మీద “ఒక గుడ్డు పెంకు లేచినట్టుంది. మీరు చూసి చెప్పండి” అని వచ్చింది. చూశాను. రెండో అర. చిల్లు అంచున పెంకు పలుకు పైకి లేచి ఉంది. లోపలినుంచి టక్. ఆగి మళ్లీ టక్.

“అవును” నొక్కాను. వేలు తీసి మళ్లీ నొక్కబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. “ఒకసారి సాలే!”

నేను పెట్టె ముందు పీట వేసుకుని కూర్చున్నాను. “రండమ్మా, నెమ్మదిగా రండి, తొందరేం లేదు,” అంటూనే ఉన్నాను. నేను మాట్లాడితే లోపల కిచకిచ పెరుగుతోంది. ఊరుకుంటే తగ్గుతోంది. అందుకని ఊరుకోలేదు.

పదహారో రోజు.

ఇంక గుడ్లకు లెక్క లేదు. పిల్లలు తొంభై ఒకటి! పసుపు ముద్దల్లా ఉన్నాయి. వదినవి అయిదు. ఆరోది సగం పగిలి ఆగిపోయింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. “పోనీలే,” అంది. ఎనిమిదో రోజు తర్వాత నాతో సూటిగా అన్న మొదటి మెత్తని మాట అది.

పదిహేడో రోజు.

ఏడిళ్ల వాళ్లూ బుట్టలు తెచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుపోయారు. మా వరుసలో పద్ధతి అదే. ఎవరి బాతులు వాళ్లవి, ఎవరి తెప్ప దగ్గర వాళ్లు మేపుకుంటారు. నా పదిహేనూ పంజరం కింద పెట్టుకుని, ఇక గండం గడిచిందని పడుకుందామనుకున్నాను.

సాయంత్రానికి వరుసంతా ఒకటే గోల. ఆరిళ్లలోనూ పిల్లలు మేత ముట్టలేదట. నీళ్ల పళ్లెంలో దిగలేదట. గొంతు చించుకుని అరుస్తున్నాయట. తెగులేమోనని పరుగున వదిన ఇంటికి వెళ్లాను. “ఏమైందమ్మా, ఏమైంది?” అన్నాను గుమ్మంలోంచే.

అయిదూ ఒక్కసారి నోరు మూశాయి. బుట్ట అంచు ఎక్కి దూకి, దొర్లి, లేచి, నా కాళ్ల మీద పడ్డాయి.

వదిన నోరు తెరిచి చూసింది. “మళ్లీ మాట్టాడు.”

“ఏం మాట్లాడను?”

మళ్లీ కిచకిచమని పాదాలు తొక్కాయి. నా వెనకే వచ్చిన ఝాన్సీ పగలబడి నవ్వింది. “పెంకు లోపలున్నన్నాళ్లూ నీ గోలే విన్నాయి పిన్నీ. బాతైతే లోపలున్న పిల్లలతో మాట్టాడద్ది. ఇయ్యి నిన్నే అమ్మనుకుంటన్నాయి.”

ఇంటింటికీ వెళ్లాను. వెళ్లిన ప్రతి ఇంటా అదే వరస. వెనక్కి వచ్చేసరికి నడకబల్ల మీద నా వెనక, ఇంట్లో ఉన్న నా పదిహేనూ పోను, డెబ్బై ఆరు. పడతాయేమోనని నేను ఆగితే అవీ ఆగుతాయి. నేను కంగారుగా నడిస్తే అవీ కంగారుగా నడుస్తాయి. బల్ల పొడవునా జనం నిలబడి చూశారు. మా ఆయన చేతులెత్తి దండం పెట్టారు.

పద్దెనిమిదో రోజు.

వదిన ఏడిళ్లనీ పిలిచింది. “అయ్యి విడిగా బతకవు. ఒకటే మంద సేద్దాం. ఎవరి తెప్పలో నత్తలెక్కువుంటే ముందు అక్కడికి. గుడ్లు ఏడు వాటాలు.”

ఎవరో వదినతో, మీకు అయిదే కదా, సమాన వాటా ఎలా అన్నారు. ఆ మాట పూర్తవకుండానే అన్నాను, “వదిన అర కింద పెట్టింది నేను. వదిన వాటా తగ్గితే మందని నేను తోలను.”

నేను తోలకపోతే మంద ఎటూ పోదు. అది అందరికీ ఒకేసారి తెలిసింది. వదిన నా వైపు చూడకుండా, “మొదట నా తెప్పే. నారు సగం పోయింది,” అంది.

ఇరవయ్యో రోజు.

నిన్న రాయలేదు. తీరిక లేదు.

ఇవాళ పొద్దున్న వదిన తెప్ప దగ్గరికి మందని తీసుకెళ్లాను. పసిపిల్లలు, లోతుకి దింపకూడదు. తెప్ప అంచున, నారు మొదళ్లలో నడిపించాను. ఒకదాన్ని చూసి ఒకటి చిన్న నత్తల్ని మింగడం నేర్చుకున్నాయి. ఒకటి పెద్ద నత్తని పట్టుకుని మింగలేక, వదల్లేక తల విదిలిస్తుంటే నేను కేక పెట్టాను. రామసీత వదిన నీళ్లలో మోకాలి దాకా దిగి, దాని నోట్లోంచి నత్త లాగి చితక్కొట్టి పెట్టింది.

“నువ్వు బయపడకు, ఇయ్యీ బయపడతాయి. కూకో. నేను సూత్తాను.”

కూర్చున్నాను. మధ్యాహ్నానికి రెండు వరసల నారు శుభ్రపడింది. మొదళ్లు తెల్లగా బయటపడ్డాయి.

ఇరవై రోజులు అయ్యాయి కాబట్టి ఈ రాత ఇవాళ్టితో చాలట. చివర్న, తర్వాత వచ్చేవాళ్లకి ఏమైనా చెప్పాలంటే చెప్పండి అని ఉంది. చెబుతాను.

బొమ్మలు ఎడం పక్కన ఉంటాయి, కింద పేర్లు చదువుకోండి. పాస్‌వర్డ్ గోడ మీద రాయకండి, వచ్చినవాళ్లంతా చదువుతున్నారు. మార్చేటప్పుడు ఇంట్లో పొదిగే గుడ్లుంటే రెండు బొంతలు సిద్ధంగా పెట్టుకోండి. నేను మార్చినందుకు ఇరవై ఎనిమిది గుడ్లు పోయాయని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు, నేను మర్చిపోను. భయం వెయ్యడం తప్పు కాదు. నాకు ఇప్పటికీ వేస్తుంది, ఈ పూట గాలి పెరిగితే ఎలా అని రాస్తూ రాస్తూ బయటికి చూస్తున్నాను. కానీ వేసిన భయాన్ని గుట్టుగా గుడ్ల మీద పెట్టకండి. “అడగండి” అని ఉంటుంది, కుడి చేతి వైపు. అక్కడ పెట్టండి. నలభై మంది వస్తారు. ముప్పై ఏడుగురు వేరే సంగతులు మాట్లాడుకుంటారు. అయినా పెట్టండి.

ఇవాళ అక్కడ ఒకమ్మాయి అడిగింది, పెట్టెలో గుడ్లుండగా మార్చొచ్చా అని. ఖాదర్‌వలీ గారు “పుణ్యవతి గారిని అడగండి” అని రాశారు. జవాబు రాయాలి. కానీ ముందు లేవాలి. తొంభై ఒకటీ ఈ పీట చుట్టూ నిలబడి ఉన్నాయి, నేను కదిలితే గానీ నీళ్లు తాగవు.